వజ్రాన్ని గెలిచిన నీటిచుక్క

సూరత్‌లోని వరాఛా, కతార్‌గామ్ వజ్రాల కార్ఖానాల్లో ముడిరాయిని కోసే ముందు దాని రూపాన్ని కంప్యూటర్ తెర మీద తిప్పి తిప్పి చూస్తారు. ఎక్కడ కోస్తే ఎక్కువ బరువు దక్కుతుందో లెక్కకట్టి చెప్పేది ఆ కంప్యూటరే. గంటల తరబడి లెక్కలు వేసే ఆ యంత్రానికి వేడి వదిలించుకోవడమే పెద్ద సమస్య. దాని ముందున్న రాయేమో వేడిని మోయడంలో మహా దిట్ట, రాగి కంటే దాదాపు అయిదు రెట్లు మెరుగు. రాయి వజ్రమో, ఉత్త గాజో తేల్చే చిన్న టెస్టర్లు పనిచేసేది ఈ గుణం మీదే. అయినా ప్రాసెసర్ మీద బిగించే కూలర్‌లో వజ్రం కనిపించదు. నాలుగైదు రాగి గొట్టాలు, ఒక్కోదాని లోపల కాస్త నీటి తడి, అంతే. ధర ఎక్కువని వజ్రాన్ని వదిలేశారనుకుంటే పొరపాటు. ఈ పనిలో నీరే వజ్రాన్ని ఓడిస్తుంది. ఎంతగా ఓడిస్తుందంటే, డెస్క్‌టాప్ వేడెక్కుతోందంటే ఆ గొట్టాల్ని అనుమానించాల్సిన అవసరం దాదాపు ఉండదు. దోషం గొట్టం దాటాక, వేడిని గాలికి అప్పజెప్పే చోట ఉంటుంది. సూరత్ లాంటి ఊళ్లో అయితే నూటికి తొంభై పాళ్లు అక్కడే వెతకాలని నా వాదన.

ముందు లెక్క చూద్దాం. గోరంత సిలికాన్ ముక్క పని ముమ్మరమైతే 100 వాట్ల వేడిని కక్కుతుంది. పాత వంద క్యాండిల్ బల్బు వేడంతా గోరు మీద పోగుపడినట్టు. ఆ వేడిని నాలుగు గొట్టాలు పంచుకుంటే ఒక్కోదాని వంతు 25 వాట్లు. గొట్టం బదులు 6 మిల్లీమీటర్ల మందం, 15 సెంటీమీటర్ల పొడవున్న గట్టి రాగి కడ్డీ పెట్టామనుకోండి. ఈ 25 వాట్లు ఆ చివరికి చేరాలంటే రెండు కొసల మధ్య సుమారు 330 డిగ్రీల తేడా ఉండాలి. చిప్ అంతకు చాలా ముందే చచ్చిపోతుంది. అదే కొలతల్లో వజ్రపు కడ్డీ దొరికినా 65 డిగ్రీల తేడా తప్పదు. నీటి తడి ఉన్న గొట్టానికి కొద్ది డిగ్రీలు చాలు.

ఈ కిటుకు మన వంటింట్లోదే. సలసల కాగే నీటిచుక్క కంటే ఆవిరి సెగ చేతిని ఎక్కువగా కాలుస్తుంది. నిమిషాల్లో ఇడ్లీ ఉడికేదీ దాని వల్లే. గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడిచేయడానికి 4.2 జౌళ్లు సరిపోతాయి, అదే గ్రాము ఆవిరిగా మారాలంటే సుమారు 2,300 జౌళ్లు మింగాలి. మింగినదంతా మళ్లీ నీరయ్యేటప్పుడు తగిలినచోట కక్కేస్తుంది. పాఠ్యపుస్తకాల్లో గుప్తోష్ణమన్నది ఇదే. గొట్టంలో గాలి తీసేసి మూతిని మూసేస్తారు కాబట్టి లోపలి నీరు మరగడానికి 100 డిగ్రీల దాకా ఆగనక్కర్లేదు. పీడనం బయటి గాలిలో అయిదో వంతుంటే 60 డిగ్రీలకే మరుగుతుంది. చిప్ వైపు కొసలో పుట్టిన ఆవిరి చల్లటి కొసకు పరుగెత్తి, అక్కడ నీరై, తెచ్చిన వేడిని అల్యూమినియం రేకులకు అప్పజెబుతుంది. ఈ లెక్కన 100 వాట్లు మోయడానికి నాలుగు గొట్టాల్లో కలిపి నిమిషానికి ఆవిరయ్యే నీరు రెండున్నర గ్రాములు, అంటే అర చెంచా.

అసలు సొగసు ఆ నీరు తిరుగు ప్రయాణం కట్టడంలో ఉంది. మోటారు లేదు, కవాటం లేదు. గొట్టం లోపలి గోడకు రాగి పొడిని కాల్చి అతికిస్తారు. దాని సూక్ష్మరంధ్రాలు దీపం వత్తి నూనెను పీల్చినట్టు నీటిని వేడి కొసకు లాగుతాయి. కేశనాళికీయత తప్ప మరో బలం అక్కర్లేదు. 19వ శతాబ్దంలో పెర్కిన్స్ కుటుంబం చేసిన ఆవిరి గొట్టాల్లో వత్తి లేదు. నీరు బరువుతో కిందికి జారాల్సిందే, కాబట్టి వేడి కొస కిందే ఉండాలి. జనరల్ మోటార్స్‌కు చెందిన రిచర్డ్ గాగ్లర్ 1942లో వత్తి ఆలోచనతో పేటెంటుకు దరఖాస్తు చేశాడు, 1944లో అది మంజూరైంది. ఆయన మనసులో ఉన్నది రిఫ్రిజిరేటర్. ఆ పేటెంటు మూలనపడింది. 1963లో లాస్ అలమోస్ ప్రయోగశాలలో జార్జ్ గ్రోవర్ అదే ఆలోచనకు వేరే దారిలో చేరాడు, హీట్ పైప్ అన్న పేరూ ఆయన పెట్టిందే. బరువే లేని అంతరిక్షంలో ద్రవాన్ని వెనక్కి తెచ్చేది వత్తి ఒక్కటే. అందుకే ఉపగ్రహాలు దాన్ని మొదట హత్తుకున్నాయి. ఆ తర్వాత ల్యాప్‌టాప్‌లు, డెస్క్‌టాప్‌లు వరసగా దాన్ని తెచ్చుకున్నాయి. ఆలోచన ఎవరిదన్న తగవులో నా మొగ్గు గాగ్లర్ వైపే, కానీ దానికి లోకంలో పని చూపించింది గ్రోవరే.

ఇప్పుడు రేకుల దగ్గరికి వద్దాం. వేడిని చివరికి మోయాల్సింది గాలి, అదేమో చాలా బలహీనమైన కూలీ. మొత్తం యంత్రం 200 వాట్లు వదిలితే, లోపలికొచ్చిన గాలి 10 డిగ్రీలకు మించి వేడెక్కకూడదంటే నిమిషానికి ఘనమీటరు గాలి కావాలి. ఎనిమిది గంటల పనిదినంలో అది 480 ఘనమీటర్లు. మూడు మీటర్ల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న గదులు పద్దెనిమిదింటిలో పట్టేంత గాలి. అందులో తేలే పీచంతా రెండు మిల్లీమీటర్ల సందుల గుండా పోవాలి. తెలంగాణ నుంచి వచ్చిన పద్మశాలి కుటుంబాలు ఉండే లింబాయత్ చుట్టుపక్కల మరమగ్గాలు, ఎంబ్రాయిడరీ యంత్రాలు ఉన్న చోట ఆ గాలి ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. సూరత్‌ది ఎక్కువగా పాలిస్టర్ కదా, పత్తిలా దూది ఎగరదు కదా అనవచ్చు. నిజమే, పీచు తక్కువే. కానీ పాలిస్టర్ తేమను పీల్చదు, రాపిడికి విద్యుదావేశం పట్టి దొరికినదానికి అంటుకుంటుంది. తెగిన పోగులు రెండు అడ్డం పడితే చాలు, మిగతా దుమ్ము వాటి మీద పేరుకుని చాపలా పరుచుకుంటుంది. ఆ చాప ఫ్యానుకూ రేకులకూ మధ్య ఏర్పడుతుంది. ఫ్యాను విప్పితే తప్ప కనపడదు. అందుకే క్యాబినెట్ తళతళలాడేలా తుడిచినా ఫలితం ఉండదు.

ఎండల్ని తప్పుపట్టేవాళ్లకు నా జవాబు ఇది. శుభ్రమైన యంత్రంలో చిప్ గది కంటే 37 డిగ్రీలు ఎక్కువ వేడి మీద ఉందనుకుందాం. గది 28 ఉంటే చిప్ 65, గది 40 అయితే 77. నూరు దగ్గర వేగం తగ్గించుకునే చిప్‌కు ఇది ప్రమాదమేమీ కాదు. పీచు వల్ల ఆ 37 రెట్టింపైతే? ఏసీ గదిలో 28 దగ్గరే 102. అంటే మూసుకుపోయిన రేకులున్న చల్లటి గది కంటే శుభ్రమైన రేకులున్న మండుటెండే నయం. పెద్ద ఫ్యాను పెడితే మరింత గాలితో పాటు మరింత పీచూ వస్తుంది. నీటితో చల్లార్చే ఖరీదైన ఏర్పాటుకూ చివర ఒక రేడియేటర్ ఉంటుంది, దానికీ ఇవే సందులు. పక్క పలక తీసేస్తే ముందు నుంచి వెనక్కి పోయే గాలి దారి చెదిరిపోతుంది, పీచుకేమో తలుపు తెరిచినట్టే. దానికన్నా గాలి చొరబడే చోట సన్నటి జాలీ బిగించి వారం వారం దులపడం మేలు. యంత్రాన్ని నేల మీద నుంచి జానెడు ఎత్తున పెట్టాలి. మగ్గాల పక్కనైతే రెండు మూడు నెలలకోసారి కరెంటు ఆపి, కూలర్ ఫ్యాను విప్పి, ఆ చాపను మెత్తటి బ్రష్‌తో ఎత్తేయాలి. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో పట్టుకోవాలి, గిరగిరా తిరగనిస్తే బేరింగ్ పాడవుతుంది. రాగి గొట్టాలను మాత్రం ముట్టుకోనక్కర్లేదు. వాటిలోని నీరు ఏళ్ల తరబడి అలా ఆవిరవుతూ, చల్లారుతూ, వత్తి వెంట వెనక్కి పాకుతూనే ఉంటుంది.