గోవాకు చర్చిలు, బందరుకు సమాధులు

ఇబ్రహీంపట్నం మీదుగా సాగే 65వ నంబరు జాతీయ రహదారి బందరులో, అంటే మచిలీపట్నంలో, ముగుస్తుంది. ఆ బందరు చరిత్రను పాత గోవా చరిత్ర పక్కన పెడితే మూడు సంవత్సరాలు రెండు చోట్లా కనిపిస్తాయి: 1605, 1759, 1843. కాకతాళీయమే, కానీ పనికొచ్చే కాకతాళీయం.

1605లో పోర్చుగీసు రాజధాని గోవాలో బామ్ జీసస్ చర్చిని ప్రతిష్ఠించారు. అదే ఏడు డచ్చివారు మచిలీపట్నంలో దిగారు. 1611లో ఇంగ్లిషువారి గ్లోబ్ ఓడ వచ్చింది. గోవాను 1510లోనే పోర్చుగీసు సేనాని అల్బుకెర్క్ గెలిచాడు. నేల తమది కాబట్టి 76 మీటర్ల పొడవున సే కెథడ్రల్ లేపారు. బందరు గోల్కొండ సుల్తానుది. 1632లో అబ్దుల్లా కుతుబ్‌షా ఇచ్చిన బంగారు ఫర్మానా ప్రకారం ఇంగ్లిషువారు ఏటా 500 వరహాలు కట్టి వర్తకం చేసుకోవాలి. అద్దెకున్నవాడు మేడ కట్టడు కదా! కోఠీలు, గోదాములు వేసుకున్నారు, కలంకారీ బట్టలు కొన్నారు, ఇక్కడే చచ్చిపోయారు. డచ్చివారి 17వ శతాబ్దపు గుర్తుగా మనకు మిగిలింది వంశచిహ్నాలు చెక్కిన సమాధి రాళ్లే. నా లెక్కలో కెథడ్రల్ కంటే అవే నిజాయితీ గల సాక్ష్యం.

1759లో జ్వరాలతో జనం పలచబడిన పాత గోవాను వదిలి పోర్చుగీసు వైస్రాయి పణజికి మారాడు. ఆ ఏడు ఏప్రిల్‌లోనే ఇంగ్లిషువారి కర్నల్ ఫోర్డ్ ఫ్రెంచివారి చేతిలోని బందరు కోటను పట్టుకున్నాడు. అద్దెదారు యజమాని అయింది అప్పుడు.

అయినా కెథడ్రల్ రాలేదు. అప్పటికి ఇంగ్లిషువారి గూడు మద్రాసులో ఉంది. కోరమాండల్ ముఖ్య కార్యాలయాన్ని 1641లోనే అక్కడికి తరలించారు. 1843లో పణజి అధికారికంగా రాజధాని అయితే, చర్చ్ మిషనరీ సొసైటీ తరఫున రెండేళ్ల ముందు వచ్చిన రాబర్ట్ నోబుల్ బందరులో బడి తెరిచాడు. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన సుమారు 30,000 మందిని మింగింది. మరుసటేడు నోబుల్ ఇక్కడే కన్నుమూశాడు. పాత గోవా చర్చిలకు 1986లో యునెస్కో గుర్తింపు దక్కింది. నోబుల్ బడి కాలేజీ అయి నేటికీ నడుస్తోంది.