అగ్రిగోల్డ్ డిపాజిట్ల వ్యవహారం

అగ్రిగోల్డ్ డిపాజిట్ల వ్యవహారం ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలోను, పొరుగు రాష్ట్రములలోను లక్షలాది మంది చిన్న పొదుపరులను నష్టపరచిన ఆర్థిక వ్యవహారము. విజయవాడ కేంద్రంగా పనిచేసిన అగ్రిగోల్డ్ సంస్థల సముదాయము, గడువు తీరిన ఖాతాదారులకు వాగ్దానం చేసిన స్థలమును గాని, సొమ్మును గాని ఇవ్వలేకపోవుటతో 2014-15 ప్రాంతములో ఇది వెలుగులోకి వచ్చినది. దర్యాప్తు సంస్థల లెక్క ప్రకారం ఖాతాల సంఖ్య సుమారు 32 లక్షలు, సేకరించిన మొత్తము సుమారు 6,380 కోట్ల రూపాయలు. అనగా ఒక్కొక్క ఖాతాకు సగటున 20 వేల రూపాయల లోపే. నష్టపోయినవారిలో అధికులు చిన్న మొత్తములు దాచుకున్నవారని ఈ సగటును బట్టి గ్రహించవచ్చును.

నేపథ్యం

అగ్రిగోల్డ్ సంస్థ 1995లో ప్రారంభమైనది. దీని అధ్యక్షుడు అవ్వా వెంకట రామారావు. తరువాతి కాలములో ఈ సముదాయము క్రింద వందకు పైగా కంపెనీలు ఏర్పడినవి. వ్యవసాయ భూములు, స్థిరాస్తి, పాడి, ఆహార ఉత్పత్తులు, వినోదము మొదలైన రంగములలో ఇవి పనిచేసినవి. విజయవాడ - గుంటూరు రహదారిపై చినకాకాని వద్ద బౌద్ధ శిల్పరీతిలో నిర్మించిన హాయ్‌ల్యాండ్ వినోద కేంద్రము వీటిలో ప్రజలకు బాగా తెలిసినది.

పథకం పనిచేసిన తీరు

ఖాతాదారుడు నెలవారీగా గాని, ఒకేసారి గాని కొంత సొమ్ము చెల్లించును. గడువు ముగిసిన పిమ్మట అభివృద్ధి చేసిన స్థలమును గాని, దానికి బదులు అధిక ప్రతిఫలముతో కూడిన సొమ్మును గాని పొందవచ్చునని సంస్థ చెప్పెడిది. సొమ్ము వసూలు చేయుటకు వేలాది మంది ఏజెంట్లు కమీషను పద్ధతిపై నియమింపబడిరి. ఏజెంట్లు సాధారణముగా తమ బంధువులను, ఇరుగుపొరుగు వారిని, తోటి ఉద్యోగులను చేర్పించెడివారు. అందువలన ఖాతాదారులు సంస్థ లెక్కలను చూచి గాక, తమకు తెలిసిన మనిషిని నమ్మి సొమ్ము కట్టిరి.

ఇటువంటి పథకమునకు చట్టములో 'సామూహిక పెట్టుబడి పథకం' అని పేరు. పలువురి సొమ్మును ఒకచోట చేర్చి, వారి ప్రమేయము లేకుండ నిర్వహించి, లాభము ఇచ్చెదమనుట దీని లక్షణము. వీటిని నడుపుటకు సెబీ వద్ద నమోదు తప్పనిసరి. అగ్రిగోల్డ్ పథకములను సెబీ ఈ కోవకు చెందినవిగా గుర్తించి, మూసివేసి సొమ్ము తిరిగి ఇవ్వవలసినదిగా ఆదేశించినదని, అయినను సంస్థ కొత్త కంపెనీల పేరుతో వసూళ్ళు కొనసాగించినదని ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ (ఈడీ) ఆరోపించినది.

కొత్తగా చేరినవారి సొమ్ముతో పాతవారికి చెల్లించు పద్ధతి, వసూళ్ళు పెరుగుచున్నంత కాలము సవ్యముగా సాగుచున్నట్లే కనబడును. భూమి అమ్ముడుపోవుట ఆలస్యమైనను, కొత్త చేరికలు తగ్గినను చెల్లింపులు ఆగిపోవును. సంస్థ వద్ద భూములు ఉండుట, ఖాతాదారునికి ఇచ్చుటకు నగదు ఉండుట వేరువేరు విషయములు.

దర్యాప్తు, న్యాయస్థానములు

చెల్లింపులు నిలిచిపోయిన తరువాత ఖాతాదారుల ఫిర్యాదులపై 2015 నుండి ఆంధ్రప్రదేశ్ సీఐడీ దర్యాప్తు చేసినది. 1999 నాటి డిపాజిటర్ల పరిరక్షణ చట్టము క్రింద సంస్థ ఆస్తులు జప్తు చేయబడినవి. తెలంగాణకు చెందిన ఖాతాదారుల, ఏజెంట్ల సంఘము ఉమ్మడి హైకోర్టును ఆశ్రయించగా, హైకోర్టు పర్యవేక్షణలో ఆస్తుల వేలము ప్రయత్నింపబడినది. సంస్థ అధ్యక్షుడు 2016లో అరెస్టు చేయబడెను.

ఆస్తులన్నింటిని ఒకే కొనుగోలుదారునికి అప్పగించవలెననే ఆలోచన కూడా జరిగినది. ఎస్సెల్ గ్రూపునకు చెందిన సుభాష్ చంద్ర ఫౌండేషన్ ఇందుకు ముందుకు వచ్చి, 2018లో వెనుకకు తగ్గినది.

2020 డిసెంబరులో ఈడీ ముగ్గురు నిర్వాహకులను అరెస్టు చేసి, హాయ్‌ల్యాండ్‌తో సహా సుమారు 4,109 కోట్ల రూపాయల ఆస్తులను జప్తు చేసినది. ఈ ఆస్తులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటక, ఒడిశా, తమిళనాడు రాష్ట్రములలో విస్తరించియున్నవి. బాధితులకు పంచుటకు వీలుగా 2025లో రెండు విడతలుగా, జప్తు నాటి విలువ ప్రకారం సుమారు 3,950 కోట్ల రూపాయల ఆస్తులను విడిపించు ప్రక్రియ జరిగినది. దర్యాప్తు సంస్థల అభియోగములు న్యాయస్థానపు తుది తీర్పుతో సమానము కావని పాఠకులు గమనించవలెను.

ఖాతాదారుల పాట్లు

బాండ్లు, రసీదులు చేతిలో ఉన్నను సొమ్ము రాని స్థితిలో ఖాతాదారులు సంఘములుగా ఏర్పడి ధర్నాలు, నిరాహార దీక్షలు చేసిరి. ఏజెంట్ల పరిస్థితి మరింత క్లిష్టమైనది. వారు స్వయముగా సొమ్ము పెట్టి నష్టపోయినవారే అయినను, తాము చేర్పించిన వారికి జవాబు చెప్పవలసి వచ్చినది. కొందరు ఏజెంట్లు, ఖాతాదారులు ఆత్మహత్యకు పాల్పడిరి. వారి కుటుంబములకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము పరిహారము ప్రకటించినది.

ఆస్తుల అమ్మకము ఆలస్యమగుటతో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము చిన్న ఖాతాదారులకు ఖజానా నుండి చెల్లించుటకు నిర్ణయించినది. మొదట 2019 నవంబరులో 10 వేల రూపాయల లోపు వారికి, తరువాత 2021 ఆగస్టులో 20 వేల రూపాయల లోపు వారికి చెల్లింపులు జరిగినవి. రెండు విడతలలో కలిపి సుమారు 10.4 లక్షల మందికి 905 కోట్ల రూపాయలు అందినట్లు ప్రభుత్వము ప్రకటించినది. ఈ సాయము ఆ రాష్ట్ర ఖాతాదారులకే పరిమితము. ఒకే సంస్థకు, ఒకే విధముగా సొమ్ము కట్టిన తెలంగాణ వాసులకు ఇది వర్తించలేదు.

ఇతర దేశములలో ఇటువంటి ఉదంతం

వస్తువు చేతికి రాకముందే సొమ్ము చెల్లించు వ్యాపారమంతటిలోను ఈ ప్రమాదము కలదు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రములో, బర్కిలీ నగరమున ప్రీమియర్ క్రూ అనే ద్రాక్షసారా విక్రయశాల ఉండెడిది. ఐరోపా నుండి రానున్న సీసాలకు ముందుగానే సొమ్ము తీసుకొని, నెలలు, సంవత్సరముల తరువాత అందజేయుట దాని పద్ధతి. 2016 జనవరిలో ఆ సంస్థ దివాలా పిటిషను వేసినది. సంస్థ ఎన్నడును కొనని సీసాలను కూడా అమ్మినట్లు యజమాని జాన్ ఫాక్స్ న్యాయస్థానములో ఒప్పుకొనెను. అదే సంవత్సరము డిసెంబరులో అతనికి ఆరున్నర సంవత్సరముల కారాగార శిక్ష పడినది. గిడ్డంగిలో మిగిలిన వేలాది సీసాలు సొమ్ము కట్టిన వారివా, లేక అప్పులవారందరికి ఉమ్మడి ఆస్తియా అన్నది అక్కడ ప్రధాన వివాదమైనది.

హైదరాబాదు తూర్పు భాగమున ఉప్పల్, నాచారం ప్రాంతముల వైన్ షాపులలో ఈ సమస్య తలెత్తదు. అక్కడ కొనుగోలుదారుడు సొమ్మిచ్చి సీసా వెంటనే తీసుకొనును. దుకాణము మూతపడినను అతనికి నష్టము లేదు. అయితే అదే కొనుగోలుదారుడు నెలసరి వాయిదాలపై స్థలమునకో, కట్టబోవు ఇంటికో సొమ్ము కట్టినచో బర్కిలీ వినియోగదారుని స్థితిలోనే ఉండును. పారిశ్రామికవాడ కార్మికులు, చిరువ్యాపారులు, పింఛనుదారులు నివసించు ఇటువంటి శివారులలో వాయిదాల పథకములకు ఆదరణ ఎక్కువ.

చట్టపరమైన రక్షణలు

సంస్థ కూలిపోయినపుడు వినియోగదారునికి ఉపయోగపడు చట్టములు ముఖ్యముగా ఇవి:

* డిపాజిటర్ల పరిరక్షణ చట్టం, 1999: ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన ఈ చట్టము రెండు రాష్ట్రములలోను కొనసాగినది. దీని క్రింద ప్రభుత్వము సంస్థ ఆస్తులను జప్తు చేయగలదు. ప్రత్యేక న్యాయస్థానము వాటిని అమ్మించి బాధితులకు పంచును.
* అనియంత్రిత డిపాజిట్ పథకాల నిషేధ చట్టం, 2019: అనుమతి లేని డిపాజిట్ల సేకరణను దేశమంతట నిషేధించినది.
* దివాలా స్మృతి, 2016: సంస్థను పునరుద్ధరించుట లేదా మూసివేసి ఆస్తులు పంచుట దీని పరిధి. 2018 సవరణతో ఇళ్ళ కొనుగోలుదారులు ఆర్థిక ఋణదాతలుగా గుర్తింపు పొందిరి.
* వినియోగదారుల రక్షణ చట్టం, 2019: సేవాలోపముపై జిల్లా, రాష్ట్ర, జాతీయ కమిషన్లలో ఫిర్యాదు చేయవచ్చును. సాధారణముగా కారణము ఏర్పడిన రెండు సంవత్సరముల లోపున ఫిర్యాదు చేయవలెను.

దివాలా ప్రక్రియలో అందరికి సమానముగా సొమ్ము రాదు. ప్రక్రియ ఖర్చులు ముందుగా తీసివేయబడును. ఆ తరువాత తాకట్టు ఉన్న ఋణదాతలకు, కార్మికుల బకాయిలకు ప్రాధాన్యము. హామీ లేని సామాన్య ఋణదాతల వంతు వారి తరువాతనే వచ్చును. మిగిలిన సొమ్మును ఒకే శ్రేణిలోనివారికి దామాషా ప్రకారం పంచెదరు. ఉదాహరణకు ఒక శ్రేణికి 100 కోట్లు రావలసి ఉండి, పంచుటకు 40 కోట్లే ఉన్నచో, 50 వేలు రావలసిన వ్యక్తికి 20 వేలు లభించును.

బ్యాంకు డిపాజిట్లకు ఒక్కొక్క బ్యాంకులో ఒక్కొక్క వ్యక్తికి 5 లక్షల రూపాయల వరకు బీమా కలదు (2020 నుండి). ప్రైవేటు సంస్థల స్థల పథకములకు ఇటువంటి బీమా లేదు.

బాధితులు చేయవలసినవి

అసలు రసీదులు, బాండ్లు, పాసుపుస్తకములు, బ్యాంకు లావాదేవీల వివరములు భద్రపరచవలెను. 'కొత్త పథకములోకి మార్చెదము' అన్నవారికి అసలు పత్రములు అప్పగించరాదు. స్థానిక పోలీసు స్టేషనులో వ్రాతపూర్వకముగా ఫిర్యాదు చేసి రసీదు పొందవలెను. ఉప్పల్‌లో నివసించువారు విజయవాడ సంస్థపై ఫిర్యాదు చేయుటకును ఇదే మొదటి మెట్టు. ప్రత్యేక న్యాయస్థానము గాని, దివాలా అధికారి గాని క్లెయిములు కోరుచు ప్రకటన ఇచ్చినపుడు గడువులోగా నమోదు చేసికొనవలెను. పోలీసు ఫిర్యాదు చేసినంత మాత్రమున క్లెయిము నమోదైనట్లు కాదు. ఖాతాదారుడు మరణించినచో వారసులు మరణ ధ్రువపత్రముతో పాటు వారసత్వ పత్రములు సిద్ధము చేసికొనవలెను. సొమ్ము త్వరగా ఇప్పించెదమని రుసుము అడుగు మధ్యవర్తుల వలన రెండవసారి నష్టము కలుగు ప్రమాదమున్నది.

సొమ్ము కట్టకముందు చూడవలసినవి మూడు: సంస్థకు సెబీ, రిజర్వు బ్యాంకు, రెరా లేక చిట్ల రిజిస్ట్రారు వద్ద నమోదు ఉన్నదా, స్థలము సర్వే నంబరుతో సహా ఎవరి పేరున ఉన్నది, రిజిస్ట్రేషను ఎప్పుడు జరుగును. కంపెనీగా నమోదైనట్లు చూపు పత్రము, డిపాజిట్లు సేకరించుటకు అనుమతి కాదు.

ఇవి కూడా చూడండి

* చిట్ ఫండ్ల చట్టం, 1982
* సెబీ
* హాయ్‌ల్యాండ్
* వినియోగదారుల రక్షణ చట్టం, 2019