గడ్డి బొగ్గవుతుందా?

తెలంగాణ నుంచి మరమగ్గాల పనికి వెళ్ళిన కుటుంబాలెన్నో గుజరాత్‌లోని సూరత్ నగరంలో స్థిరపడ్డాయి. ఆ నగరంలో భేస్తాన్ అనే ప్రాంతం ఉంది. దాని పక్కనే ఉన్న పాండేసరా పారిశ్రామిక వాడలో బట్టలకు రంగులద్దే మిల్లులు బొగ్గు మండించి ఆవిరి తయారుచేస్తాయి. నగరం దాటితే వరి పొలాలు, చెరకు తోటలు. చెరకు నరికాక మిగిలే ఎండుటాకును పశువులు తినవు. మన దేశంలో చాలాచోట్ల దాన్ని పొలంలోనే తగలబెడతారు. ఒక పక్క బొగ్గు కొనుక్కుంటూ, మరో పక్క ఆకును కాల్చి పారేస్తున్నామన్నమాట. ఆ ఆకునో గడ్డినో బొగ్గుగా మార్చలేమా?

మార్చవచ్చు. అందులో లాభమెంతో ఒక చిన్న ప్రయోగంతో మీరే తేల్చుకోవచ్చు.

గడ్డిలో ప్రధానంగా ఉండేవి సెల్యులోజ్, హెమిసెల్యులోజ్, లిగ్నిన్. ఈ మూడూ కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్‌లతో ఏర్పడినవే. గడ్డిని ఆరుబయట కాల్చితే గాలిలోని ఆక్సిజన్ కార్బన్‌ను కూడా తినేస్తుంది. చివరికి బూడిదే మిగులుతుంది. గాలి తగలకుండా వేడి చేస్తే కథ వేరు. మొదట తేమ ఆవిరవుతుంది. వేడి 200 డిగ్రీల సెల్సియస్ దాటాక గడ్డిలోని పెద్ద అణువులు విరగడం మొదలవుతుంది. వాటి ముక్కలు పొగగా, తారుగా బయటికి పోతాయి. 400 నుంచి 500 డిగ్రీలకు చేరేసరికి ఎక్కువగా కార్బన్, దానితోపాటు ఖనిజాలు మిగులుతాయి. అదే బొగ్గు. ఈ పద్ధతిని విధ్వంసక స్వేదనం అంటారని మీరు పాఠాల్లో చదివే ఉంటారు.

ఇప్పుడు ప్రయోగం. ఉపాధ్యాయుడో, ఇంట్లో పెద్దవారో దగ్గరుండగా, ఆరుబయటే చేయండి. రంగు పూయని ఇనుప డబ్బా ఒకటి తీసుకోండి. మూతకు మేకుతో ఒక రంధ్రం చేయండి. రంధ్రం లేకపోతే లోపలి వాయువుల ఒత్తిడికి డబ్బా పేలిపోవచ్చు. బాగా ఎండిన వరిగడ్డిని తూకం వేసి, డబ్బాలో కూరి, గట్టిగా మూత పెట్టి, కట్టెల మంటలో ఉంచండి. ముందు తెల్లని ఆవిరి వస్తుంది, తర్వాత పసుపుపచ్చని పొగ. పొడవాటి పుల్లతో ఆ పొగకు నిప్పు అంటించి చూడండి, మండుతుంది! అందులో కార్బన్ మోనాక్సైడ్, మీథేన్, హైడ్రోజన్ వంటి వాయువులు ఉంటాయి. పొగ ఆగిపోగానే డబ్బాను పట్టకారుతో బయటికి తీసి, రంధ్రాన్ని తడి మట్టితో మూసేయండి. పూర్తిగా చల్లారేదాకా మూత తీయవద్దు. వేడి బొగ్గుకు గాలి తగిలితే అంటుకుంటుంది.

ఇక తూకం వేయండి. 100 గ్రాముల గడ్డికి సుమారు 30 గ్రాముల బొగ్గు వస్తుంది. సంతోషించే ముందు ఇంకొక పని చేయండి. అందులో 10 గ్రాములు ఇనుప రేకు మీద పూర్తిగా కాలనిచ్చి, బూడిదను తూచండి. దాదాపు 5 గ్రాములు ఉంటుంది! వరిగడ్డిలో సిలికా ఎక్కువ. అది కాలదు, ఆవిరి కాదు, అంతా బొగ్గులోనే ఉండిపోతుంది. అందుకే ఈ బొగ్గు కర్రబొగ్గు ఇచ్చినంత వేడి ఇవ్వదు. అదీగాక గడ్డిలోని శక్తిలో సగానికి పైగా పొగతోనే పోయింది.

పొగను కూడా వాడుకుంటే? వృక్షశాస్త్రవేత్త ఆనంద్ కర్వే స్థాపించిన పుణే సంస్థ 'ఆర్తి' ఆ పని చేసింది. ఎండిన చెరకు ఆకును డబ్బాల్లో కూరి కొలిమిలో పెట్టి, అందులోంచి వచ్చే వాయువులనే ఆ కొలిమిలో మండేటట్లు చేసింది. చెరకు ఆకులో బూడిద వరిగడ్డిలో కంటే తక్కువ. పొడిగా వచ్చిన బొగ్గును గంజివంటి జిగురుతో కలిపి కడ్డీలుగా చేశారు. ఈ పనికి ఆ సంస్థ 2002లో ఆష్డెన్ అవార్డు అందుకుంది.

మరి మన వరిగడ్డి సంగతి? అది పశువుల మేత. మేతను బొగ్గు చేయడం తెలివైన పని కాదు. పశువులు ముట్టని చెరకు ఆకు, వేరుశనగ పొట్టు వంటి వాటితో ఇదే ప్రయోగం చేసి, ప్రతిసారీ బొగ్గునూ బూడిదనూ తూచి పట్టిక వేయండి. ఏది మంచిదో మీ త్రాసే చెబుతుంది.

ఒక్క హెచ్చరిక. బొగ్గుకు పొగ లేదని కుంపటిని తలుపులు మూసిన గదిలో పెట్టుకోకండి. బొగ్గు కాలేటప్పుడు వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. అది రక్తంలోని హిమోగ్లోబిన్‌ను పట్టుకుని ఆక్సిజన్‌కు చోటివ్వదు. చలికాలంలో కుంపటి పెట్టుకుని పడుకున్నవాళ్ళు నిద్రలోనే ప్రాణాలు కోల్పోయేది ఇందువల్లే.