గడ్డి బేళ్ళ గోడలు: మన మెట్ట ప్రాంతమునకు తగునా?

వరిగడ్డిని యంత్రముతో నొక్కి బేళ్ళుగా కట్టి, ఇటుకల వలె పేర్చి, ఇరువైపుల మట్టి మెత్తి ఇల్లు కట్టుకొనవచ్చునని రైతు సోదరులు కొందరు విని యుందురు. ఇది క్రొత్త మాట కాదు. అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రమున, ఇసుక దిబ్బల ప్రాంతములో కలప దొరకక, 19వ శతాబ్దము చివర బేళ్ళు కట్టు యంత్రములు వచ్చిన పిదప అక్కడి వారు ఇట్టి గోడలు లేపిరి. ఆర్థర్ అను ఊరిలో 1928లో ఈ పద్ధతిని కట్టిన ప్రార్థనా మందిరము నేటికిని నిలిచి యున్నది.

ఈ గోడకు మంచి గుణములు కలవు. మూరెడు మందమున్న గడ్డి గోడ ఎండ వేడిమిని లోనికి త్వరగా రానీయదు. గట్టిగా నొక్కి, రెండు వైపుల పూత పూసినచో లోపల గాలి ఆడదు గనుక నిప్పు కూడ సులభముగా అంటుకొనదు. పూత పూయక ముందు మాత్రము చుట్టును పడియున్న విడిగడ్డితో ప్రమాదము కలదు.

గడ్డి గోడకు ప్రధాన శత్రువు తేమ. గడ్డిలో తేమ నూటికి 20 పాళ్ళు మించి కొన్ని దినములు నిలిచిన బూజు పట్టి కుళ్ళును. కృష్ణా, గోదావరి డెల్టాలలో వరిగడ్డి పుష్కలము. కాని అక్కడ వానలు, తుఫానులు, నెలల తరబడి తేమగాలి ఉండును. అనంతపురం, 2022లో దాని నుండి వేరుపడిన శ్రీ సత్యసాయి జిల్లాలలో ఏడాదికి కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లే. వాతావరణమును బట్టి చూచిన మన నేలయే ఈ గోడకు అనుకూలము.

అయితే గడ్డి ఎక్కడిది? లెక్క చూడుడు. 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 9 అడుగుల ఎత్తుగల ఒక్క గదికి, అడుగున్నర మందమున గోడలు లేపుటకు, తలుపు, కిటికీ పోగా, సుమారు 15 ఘనమీటర్ల బేళ్ళు కావలెను. ఘనమీటరుకు 100 కిలోల వంతున 1,500 కిలోల గడ్డి. ఒక ఎద్దు దినమునకు ఆరు కిలోలు మేయుననుకొన్నను, ఇది ఒక జత ఎద్దులకు నాలుగు నెలల మేత. కరువు ఏట మేత లేక పశువులను సంతకు తోలుకొనిపోయిన కష్టము మీకు తెలియనిది కాదు. గోడలో పెట్టిన గడ్డిని ఆనాడు తిరిగి తీయలేరు.

కావున మన మెట్ట గ్రామములలో ఇంటికి మేతగడ్డి వాడుట తగదు. వేరుశనగ కట్టెను అసలే వాడరాదు. అది బలమైన మేత. దానికి బదులు పశువులు తినని కంది కట్టెతో తడికెలు అల్లి, ఇరువైపుల మట్టి మెత్తుడు. మెత్తు మట్టిలో కొన్ని తట్టల పొట్టు, తరిగిన గడ్డి కలిపి నాలుగైదు దినములు నాననిచ్చి త్రొక్కిన బీటలు తగ్గును. దళసరి మట్టి గోడ కూడ ఇంటిని చల్లగా ఉంచును.

తుంగభద్ర ఎగువ కాలువ క్రింద వరి పండించి, మేతకు పోను గడ్డి మిగిలిన వారు ముందుగా సామానుల కొట్టమునకు ఒక్క గోడ కట్టి చూడవచ్చును. వారు పాటింపవలసినవి:

1. పలక బేళ్ళనే వాడవలెను. గుండ్రని చుట్టలు పేర్చుటకు పనికిరావు.

2. చేయి దూర్చి చూచినప్పుడు వెచ్చగా నున్నను, ముక్కవాసన వచ్చినను ఆ బేలును తీసివేయవలెను.

3. నేలపై రెండడుగులు రాతికట్టు లేపి, దానిపై బేళ్ళు పెట్టవలెను. చెదలు ఎక్కకుండ తరచు చూచుకొనవలెను.

4. చూరు రెండు మూడడుగులు ముందుకు ఉండవలెను. సెప్టెంబరు, అక్టోబరు నెలల ఈదురు వాన గోడను తడుపును.

5. మట్టి లేక సున్నపు పూతయే వేయవలెను. సిమెంటు పూత లోని తేమను బయటికి పోనీయదు.

గ్రామాధికారులు ఎవరికైనను ఈ గోడను గూర్చి చెప్పుటకు ముందు ఆ ఊరిలోని పశువుల సంఖ్యను, వాముల గడ్డిని లెక్క కట్టవలెను. రైతు సోదరులారా! వచ్చే వానకారు వరకు పశువులకు సరిపడు మేత వామిలో నుంచుకొని, మిగిలిన గడ్డితోనే గోడను తలపెట్టుడు.