వనగుజ్జరులు - పుల్లరి కాగితము

పుల్లరి యను మాట వినినంతనే పలనాటివారు 1922 ఫిబ్రవరిలో తుపాకిగుండ్లకు బలియైన కన్నెగంటి హనుమంతుగారిని దలంపకుండరు. పసరము అడవిలో గడ్డి మేసినందుకు సుంకము చెల్లింపవలసిన దినములవి. ఆ దొరతనము పోయినది. అడవిపై హక్కెవ్వరిదను తగవు పోలేదు. ఉత్తరాఖండమునందలి వనగుజ్జరుల స్థితియే యిందుకు తార్కాణము.

వీరు మహమ్మదీయులు. గేదెలను మేపి, పాలమ్ముకొని జీవింతురు. శీతకాలమున శివాలిక్ కొండల యడవులలో గడ్డి కప్పిన గుడిసెలలో నుందురు. ఎండలు ముదిరి వాగులెండగానే మందలను దోలుకొని హిమాలయముల యెగువ పచ్చిక బయళ్ల కెక్కుదురు. మంచు పడకమునుపే దిగివత్తురు.

శీతకాలమున గడ్డి చాలదు. గుజ్జరు నల్లమద్ది, చిరుమాను మొదలగు చెట్లెక్కి కొమ్మలు గొట్టి గేదెలకు వేయును. చూచినవారు అడవి పాడగుచున్నదందురు. కాని యెరిగిన చేయి చెట్టును మోడు సేయదు. చిగురించుటకు వలసిన కొమ్మలను విడిచిపెట్టును. అంతకంటె ముఖ్యమైన దింకొకటి గలదు. మంద కొండపై నున్న నెలలలో క్రింది యడవికి వాన గురియును, కొట్టినచోట చిగురు సాగును. మంద దిగివచ్చిన పిమ్మట పై పచ్చిక మంచుక్రింద విశ్రమించును. ఇందు వేదాంతమేమియు లేదు. మరుసటి యేడు మరల నదే చెట్టెక్కవలసినవాడు దానిని చంపుకొనడు.

1983లో రాజాజీ జాతీయోద్యానమునకు సంకల్పము జరిగినది మొదలు వీరిని వెడలించు యత్నములు సాగినవి. 1992లో కొండలనుండి దిగివచ్చినవారిని అడవి చొరనీయక నిలుపగా గొప్ప యలజడి కలిగెను. తరువాత ననేక కుటుంబములను హరిద్వార సమీపమున పథ్రీ, గైండీఖాతాలకు దరలించిరి. ఇల్లును బడియును గోరినవారు వారిలోనే కలరు, మేము దాచము. కాని దారులు మూసి, మందను ఏడాది పొడుగున నొక్కచోట నిలిపినచో చెట్టునకు విరామమెక్కడిది? కదలనీయనివారే కదలనందుకు నేరము మోపుట యేమి న్యాయము?

2006వ సంవత్సరపు అటవీహక్కుల చట్టము సంచారపశుపాలకుల మేతహక్కును గుర్తించినది. అయితే ఉత్తరాఖండమున వీరు షెడ్యూల్డు తెగలలో లేరు. అట్టివారు 2005 డిసెంబరు 13కు మునుపు మూడు తరములు, అనగా 75 ఏండ్లు, అడవి నాశ్రయించి యుండిరని చూపవలయును. ఏటేట నిల్లు విడిచి నడచువాడు ఏ దస్తావేజు దాచుకొనగలడు? పల్లెసభకును జిల్లా సమితికిని వాడు జూపగలది, తాతలనాడు పుల్లరి పుచ్చుకొని అటవీశాఖవారే యిచ్చిన మేత పర్మిటు కాగితము.