గుండెపోటు తరువాత గుట్ట మెట్లు

పూర్వపు వరంగల్ జిల్లా నుండి 2016లో విడివడిన జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలలో గుట్టమీది దేవుళ్ళకు కొదవ లేదు. పాలకుర్తిలో సోమేశ్వర లక్ష్మీనరసింహస్వాములు, చిల్పూరులో వేంకటేశ్వరస్వామి గుట్టలపైననే కొలువై ఉన్నారు. అందువలననే కాబోలు, ఈ ప్రాంతంలో ఎన్నో ఏండ్లు వైద్యవృత్తిలో గడిపిన నన్ను గుండెపోటు నుండి బయటపడిన భక్తులు అడిగే మొదటి ప్రశ్న తరచుగా మందులను గురించి కాదు. “సారూ, గుట్ట ఎప్పుడెక్కొచ్చు?” అని అడుగుతారు. రోగి ఇంకా ఆసుపత్రి మంచం మీద ఉండగానే ఇంట్లో ఎవరో ఒకరు మొక్కు మొక్కి ఉంటారు. ‘ఎక్కవద్దు’ అని ఒక్క మాటతో పంపివేయడం వైద్యునికి సులభమే గాని, అది సరియైన జవాబు కాదు. ‘మీ ఇష్టం’ అనడం అంతకన్నా సరికాదు.

కుటుంబసభ్యులు సాధారణంగా ‘వద్దు’ అనే పక్షాన ఉంటారు. రోగిని మంచం దిగనీయరు, నీళ్ళ చెంబు కూడా చేతికే అందిస్తారు. ఒకప్పుడు వైద్యశాస్త్రం చెప్పినదీ ఇదే. ఇరవయ్యవ శతాబ్దపు పూర్వార్ధంలో గుండెపోటు వచ్చినవారిని ఆరు వారాల వరకు కదలకుండా పడుకోబెట్టేవారు. ఆ కదలిక లేమి వలన కాళ్ళలో రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరి కొందరు మరణించేవారు. 1952లో అమెరికా వైద్యులు శామ్యూల్ లెవీన్, బెర్నార్డ్ లౌన్ రోగులను మంచం నుండి లేపి కుర్చీలో కూర్చుండబెట్టి, దానివలన హాని లేదని, మేలే కలుగుతున్నదని ప్రకటించారు. 1955లో అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కు గుండెపోటు వచ్చినప్పుడు చూసిన వైద్యులలో పాల్ డడ్లీ వైట్ నడకను గట్టిగా సమర్థించినవాడు. అధ్యక్షుడు మరుసటి సంవత్సరమే తిరిగి ఎన్నికలలో నిలిచి గెలిచాడు. నేడు ఇబ్బందులేవీ లేనివారిని ఒకటి రెండు రోజులలోనే వార్డులో నడిపిస్తున్నారు.

గుండెపోటులో చచ్చిపోయిన కండరాన్ని వ్యాయామం తిరిగి మొలిపించలేదు. ఆ భాగం ఆరు నుండి ఎనిమిది వారాలలో గట్టి మచ్చగా మారుతుంది. వ్యాయామం చేసే మేలు ఎక్కువగా గుండె వెలుపల జరుగుతుంది. అలవాటు పడిన కాలి కండరాలు అందిన రక్తం నుండే ఎక్కువ ప్రాణవాయువును గ్రహించడం నేర్చుకొంటాయి, నాడి వేగం తగ్గుతుంది. నిన్న వంద సార్లు కొట్టుకొని చేసిన పనిని గుండె రేపు ఎనభై సార్లతో చేయగలుగుతుంది. 85 పరిశోధనలను, 23 వేలకు పైగా రోగుల వివరాలను కలిపి పరిశీలించిన 2021 నాటి కాక్రేన్ సమీక్షలో, క్రమబద్ధమైన వ్యాయామ శిక్షణ పొందినవారిలో గుండెజబ్బు మరణాలు, తిరిగి ఆసుపత్రిలో చేరడం తగ్గినట్లు తేలింది.

పాలకుర్తి వైపు రైతు ఒకరు స్టెంట్ వేయించుకొన్న మూడవ వారంలో నా దగ్గరకు వచ్చారు. “మొక్కు బాకీ పెట్టుకొని ఇంట్ల కూసుండుడు నాతోని కాదు సారూ” అన్నారు. గుట్ట సంగతి తరువాత చూద్దాం, ముందు ఇంటి నుండి చెరువుకట్ట వరకు నడవండి అన్నాను. మొదట చదునైన దారిలో 5 నిమిషాలు, రోజుకు రెండు మూడు సార్లు. ఆయాసం, నొప్పి లేకపోతే రెండు రోజులకొక నిమిషం చొప్పున పెంచుకొంటూ ఆరేడు వారాలకు అరగంటకు చేరాలి. ఆయన గడియారం చూసుకోలేదు, దారిలోని కరెంటు స్తంభాలు లెక్కపెట్టుకొన్నారు. అది నాకు ఎంతో నచ్చింది. ఆలయ ప్రదక్షిణలు కూడా ఇటువంటి లెక్కకు చక్కగా పనికివస్తాయి, నేల చల్లగా ఉన్న వేళ మాత్రమే సుమా! నడకను నెమ్మదిగా మొదలుపెట్టి నెమ్మదిగానే ముగించాలి. వేగంగా నడుస్తూ ఒక్కసారిగా ఆగిపోతే రక్తం కాళ్ళలో నిలిచి, రక్తపోటు పడిపోయి తల తిరుగుతుంది. భోజనం చేసిన గంట వరకు నడక వద్దు.

ఎంత వేగంగా నడవాలన్నది చాలామందికి కలిగే సందేహం. చేతికి గడియారం పెట్టుకొని నాడి లెక్క చూసుకొనేవారికి ఒక హెచ్చరిక: గుండెపోటు తరువాత చాలామందికి ఇచ్చే మెటోప్రోలాల్ వంటి మాత్రలు నాడిని పెరగనీయవు. శ్రమ మితిమీరినా గడియారం ప్రశాంతంగానే కనిపిస్తుంది. దానికన్నా నామస్మరణ నమ్మకమైన కొలబద్ద. నడుస్తూ గోవిందనామాన్నో, పంచాక్షరినో పైకి పలకండి. నామం మధ్యలో ఊపిరి తెగితే వేగం ఎక్కువైనట్లు. రాగం తీసి కీర్తన పాడగలుగుతున్నారంటే కొంచెం పెంచవచ్చు.

ఇక మెట్లు. కదలకుండా కూర్చున్నప్పటి శ్రమను ఒకటి అనుకొంటే, చదునైన దారిలో మామూలు నడకకు సుమారు 3 రెట్లు, నెమ్మదిగా మెట్లెక్కడానికి 4 రెట్లు, వేగంగా ఎక్కడానికి 8 రెట్లకు పైగా శక్తి కావాలి. నేల మీద గంట నడిచినవారు కూడా మెట్ల దగ్గర తడబడడానికి కారణమిదే. కనుక అరగంట నడక నిలకడగా సాగిన తరువాత, వైద్యుడు ఎకో పరీక్షలో గుండె బలం చూసి, అవసరమనుకొంటే ట్రెడ్‌మిల్ పరీక్ష చేయిస్తారు. ఆ యంత్రం మీద ప్రతి 3 నిమిషాలకు వేగమూ వాలూ పెరుగుతాయి. ఒక విధంగా అది వైద్యుని కళ్ళ ముందు గుట్ట ఎక్కడమే. మా రైతు నాలుగవ నెలలో పరీక్ష పూర్తిచేసి, తెల్లవారుజామున మెట్లెక్కి మొక్కు తీర్చుకొన్నారు. మూడు చోట్ల కూర్చున్నారని ఆయన భార్య, ఒక్కచోటేనని ఆయన! అయితే అందరికీ ఈ అనుమతి దొరకదు. గుండె బలం బాగా తగ్గినవారు వాహనంలోనే పైకి వెళ్ళాలి. 3,550 మెట్ల అలిపిరి దారి సంగతి వేరు. హృద్రోగులు కాలినడకన కొండ ఎక్కవద్దని తిరుమల తిరుపతి దేవస్థానమే సూచించింది.

బరువుల విషయంలో మా రైతులను ఆపడం కష్టం. మందు కొట్టే పంపు నిండితే 16 లీటర్లు. దానిని వీపున వేసుకొని మిరపచేనులో తిరగడం, వడ్ల బస్తా ఎత్తడం, బోనమో కావడో మోయడం వైద్యుడు సరేననే వరకు ఆగవలసిన పనులే. ఊపిరి బిగబట్టి బరువెత్తినప్పుడు రక్తపోటు ఒక్కసారిగా ఎగబాకుతుంది. బైపాస్ శస్త్రచికిత్స అయినవారికి రొమ్ము ఎముక అతుక్కోవడానికి రెండు మూడు నెలలు పడుతుంది. అంతవరకు పొర్లుదండాలు, చేతులపై బరువు మోపే సాష్టాంగ నమస్కారాలు కూడదు. స్త్రీల విషయంలో మరొకటి చూస్తున్నాను: భర్తకు జబ్బు చేస్తే ఇల్లంతా నడకకు తోడు వస్తుంది, భార్యకు చేస్తే వారం తిరగకముందే బిందెలు మోయిస్తారు. ఇంటిపనికి అలసిపోవడం వ్యాయామం కాదు. ఆమెకూ తనదైన అరగంట నడక కావాలి.

నగరాలలోని శిక్షణ కేంద్రాలకు భూపాలపల్లి నుండో మహబూబాబాద్ తండాల నుండో వారానికి మూడుసార్లు వెళ్ళిరావడం ఎవరివల్ల అవుతుంది? వైద్యుని సలహాతో ఇంటివద్ద క్రమంగా చేసే వ్యాయామం కేంద్రంలో చేసినదానికి తీసిపోదని పరిశోధనలు చెబుతున్నవి. యోగాభ్యాసమూ ఒక మార్గమే. మన దేశంలో 24 ఆసుపత్రులలో 3,959 మందిపై జరిపి 2020లో ప్రచురించిన ‘యోగా-కేర్’ పరిశోధనలో, 12 వారాలలో 13 తరగతులకు పిలిచినవారు ఆరోగ్యం మెరుగైనట్లు చెప్పారు, పూర్వపు పనులకు తిరిగి వెళ్ళడంలోనూ ముందున్నారు. మరణాలు తగ్గినట్లు మాత్రం రుజువు కాలేదు. యోగం మందులకు బదులు కాదని దీని భావం. శీర్షాసనం, ఊపిరి బిగబట్టే కుంభకం వద్దు.

యాత్రకు బయలుదేరేవారికి కొన్ని మాటలు. 2025 మే నెలలో కాళేశ్వరంలో సరస్వతీ పుష్కరాలు జరిగినప్పటి ఎండ చాలామందికి గుర్తుండే ఉంటుంది. అటువంటి వేళ నడక, క్యూలో నిలబడడం గుండెకు రెట్టింపు పని. చన్నీళ్ళలో ఒక్కసారిగా మునగక, ముందు కాళ్ళూ చేతులూ తడుపుకోవాలి. కురవి వీరభద్రుని సన్నిధిలో శివరాత్రి ఉపవాసమున్నా మాత్రలు మానవద్దు. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వంటివి ఆపితే స్టెంటులో రక్తం గడ్డకట్టవచ్చు. మధుమేహం కూడా ఉంటే ఉపవాసానికి ముందే వైద్యుని అడగాలి. రెండు మూడు రోజులలో 2 కిలోల బరువు పెరిగినా, పాదాలు వాచినా ప్రయాణం మానుకొని ఆసుపత్రికి వెళ్ళాలి. దారిలో ఛాతీలో నొప్పి, చెమటలు, దవడకో చేతికో పాకే బరువు అనిపిస్తే అక్కడే కూర్చోవాలి. వైద్యుడు సార్బిట్రేట్ ఇచ్చి ఉంటే కూర్చునే నాలుక కింద పెట్టుకోవాలి, నిలబడి వేసుకొంటే కళ్ళు తిరిగి పడిపోవచ్చు. 5 నిమిషాలకూ నొప్పి తగ్గకపోతే, మాత్ర దగ్గర లేకపోతే వెంటనే, 108కి ఫోన్ చేయాలి.