ఎలక్ట్రిక్ గిటారులో పలికేది కొయ్యేనా?

గిటారు కొనబోయిన మన కుర్రవాళ్ళకు దుకాణంలో మొదట వినిపించే మాట, "ఇది మహాగని కొయ్య, నాదం గంభీరంగా ఉంటుంది" అని. ఆ మాటతోనే ధర కూడా పెరుగుతుంది. వెంట వెళ్ళిన పెద్దలు అవునంటూ తల ఊపుతారు. బొబ్బిలి వీణకు పనస కొయ్య వాడతారని మనమందరం విన్నవాళ్ళమే గదా! ఈ పోలిక దగ్గరే మనం పొరపడుతున్నాము.

వీణలో తీగ కంపం తొలిచిన కుండలోకి దిగుతుంది. కుండ, దాని పైపలక కదిలి గాలిని కదిలిస్తాయి. అక్కడ పలికేది నిజంగా కొయ్యే.

ఎలక్ట్రిక్ గిటారు దారి వేరు. తీగల కింద ఉండే పికప్‌లో అయస్కాంతాల చుట్టూ సన్నని రాగి తీగను వేల చుట్లు చుడతారు. పైన ఉక్కు తీగ కంపిస్తే ఆ చుట్టలో స్వల్పంగా విద్యుత్తు పుడుతుంది. యాంప్లిఫయరు పెద్దది చేసేది దానినే. నైలాను తీగలు బిగించి చూడండి, కొయ్య ఎంత మేలైనదైనా స్పీకరు నోరు విప్పదు.

1932లో అమ్మకానికి వచ్చిన రికెన్‌బాకర్ వారి 'ఫ్రయింగ్ పాన్' పోత అల్యూమినియంతో చేసినది. 1940 ప్రాంతంలో లెస్ పాల్ నాలుగంగుళాల దూలానికే తీగలు బిగించాడు. చూసేవారి తృప్తి కోసం ఇరుపక్కలా గిటారు రెక్కలు తగిలించాడట!

మహాగనిపై మేపుల్ పలక అతికిన గిబ్సన్ లెస్ పాల్‌కూ, ఆల్డరుతో చేసే ఫెండర్ స్ట్రాటోకాస్టరుకూ ధ్వని వేరే, కాదనము. కాని మొదటిదాని తీగ పొడవు సుమారు 24¾ అంగుళాలు, రెండవదానిది 25½. పికప్‌లు వేరు, వాటిని అమర్చిన చోటు వేరు. ఇన్ని ఉండగా పేరంతా కొయ్యకే కట్టబెట్టడం న్యాయమా?

అలాగని కొయ్యకు పనే లేదనము. మెడ కొన్ని స్వరాల వద్ద తీగతో పాటు ఊగి దాని శక్తిని తాగేస్తుంది. ఆ మెట్టు మీద స్వరం త్వరగా ఆరిపోతుంది. ప్లగ్ పెట్టకుండా మీటితే కొయ్యల తేడా చెవికి బాగానే తెలుస్తుంది. యాంప్లిఫయరు హెచ్చించాక అది చాలావరకు మరుగున పడుతుంది.

మన మలేసియాలో దొరికే న్యాతో కొయ్యతో చేసిన చవక గిటారును చూసి మూతి విరవనక్కరలేదు. ఈ ఉక్కలో మెడ వంగలేదు గదా అని చూసుకోవాలి. ప్రతి మెట్టునూ నొక్కి స్వరం ఎంతసేపు నిలుస్తుందో వినాలి. బరువు కూడా చూడాలి సుమా, పెళ్ళి కచేరీలో మూడు గంటలు దానిని మోయవలసింది భుజమే.